జబ్బుపడిన విశ్వాసి దగ్గరికి ప్రార్థనకు వెళ్ళడం ఎలా

సంఘంలో ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందని తెలియగానే పదిమంది కలిసి వెళ్ళడం, గంటసేపు గట్టిగా ప్రార్థించడం, "విశ్వాసం ఉంచండి, తప్పకుండా బాగవుతుంది" అని చెప్పి వచ్చేయడం మామూలే. వెళ్ళినవాళ్ళకు తృప్తిగానే ఉంటుంది. మంచం మీదున్న మనిషికి మాత్రం బరువు రెండింతలవుతుంది. జబ్బు ఒకటి, "నా విశ్వాసం చాలడం లేదేమో" అన్న బెంగ ఇంకొకటి.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం 14, 15 వచనాలు మరోసారి నెమ్మదిగా చదవండి. రోగి చేయాల్సిందల్లా సంఘపు పెద్దల్ని పిలిపించుకోవడం. నూనె రాయడం, విశ్వాసంతో ప్రార్థించడం వచ్చినవాళ్ళ పని. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాతంతో ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి, పరుపుతో సహా కిందికి దించారు. యేసు వారి విశ్వాసం చూశాడని ఉంది. మంచం మీదివాడు ఒక్కమాటైనా మాట్లాడినట్టు అక్కడ లేదు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ లెక్క ప్రకారమే: విశ్వాసం రోగి దగ్గర వసూలు చేయకండి, మీరే వెంట తీసుకెళ్ళండి.

ఎవరు వెళ్ళాలి

ముగ్గురు చాలు. ఒకరు ప్రార్థన నడిపిస్తారు. ఇంకొకరు కళ్ళు తెరిచే ఉండి రోగి ముఖాన్ని, ఇంటివాళ్ళ ముఖాల్ని గమనిస్తారు. అలసిపోతున్నారా, నొప్పి వస్తోందా, ఎవరైనా ఏడుపు ఆపుకుంటున్నారా అన్నది కళ్ళు మూసుకున్నవాళ్ళకు తెలియదు కదా. మూడో మనిషి పనులు చూసుకోవాలి: మందులు ఎవరు తెస్తున్నారు, పిల్లల్ని బడి నుంచి ఎవరు తీసుకొస్తున్నారు, రాత్రిళ్ళు ఎవరు మేల్కొంటున్నారు. రోగి స్త్రీ అయితే బృందంలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. చేయి వేసేది, నూనె రాసేది వాళ్ళయితేనే మేలు.

దగ్గు, జలుబు, జ్వరం ఏది ఉన్నా ఎంత ఆత్మీయులైనా ఆగిపోవాలి. కీమోథెరపీ తీసుకుంటున్నవారికి తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటాయి, మనకు మామూలు జలుబు వాళ్ళకు ఆసుపత్రి దాకా రావచ్చు. సెంటు, అత్తరు వేసుకోకండి, ఆ వాసనకే వాళ్ళకు వాంతి వస్తుంది. ఇంకో రకం మనిషిని కూడా ఇంటి దగ్గరే ఉంచాలి: ఎవరి జబ్బు విన్నా "మా బంధువుకూ ఇదే వచ్చింది" అని మొదలుపెట్టేవారు. ఆ కథలు సగం చావుతోనే ముగుస్తాయి.

బయల్దేరేముందు ముగ్గురూ ఒక అరగంట కూర్చోండి. 13వ కీర్తన చదవండి. ఎంతకాలం అన్న ప్రశ్నతో మొదలై, ఆరు వచనాల్లో దేవుని కృప మీద నమ్మకంతో ముగుస్తుంది. మీలో ఉన్న భయం, అనుమానం అక్కడే దేవుని ముందు చెప్పేయండి. "ఈయన బతుకుతాడని నాకు నమ్మకం కుదరడం లేదు ప్రభువా" అనాల్సి వస్తే ఆ మాట అక్కడ అనొచ్చు. మార్కు 9వ అధ్యాయంలో మూర్ఛరోగంతో ఉన్న కొడుకు తండ్రి, నమ్ముతున్నానంటూనే నా అపనమ్మకానికి సాయం చేయమని ఏడ్చాడు. యేసు ఆయన్ని వెనక్కి పంపలేదు.

ముందు ఫోను చేయండి

చెప్పకుండా వెళ్ళొద్దు. ఫోనులో ఇలా అడగొచ్చు: "ముగ్గురం వచ్చి ఓ పావుగంట ఉండి ప్రార్థన చేసి వెళ్దామనుకుంటున్నాం. రేపు సాయంత్రం వీలవుతుందా? ఇంకో రోజైనా ఫరవాలేదు, వద్దన్నా ఏమీ అనుకోం." ఆ చివరిమాట తప్పకుండా అనాలి. నొప్పితో ఉన్న మనిషికి కాదనే వీలు మనమే కల్పించాలి, పాస్టరుగారు వస్తానంటే వద్దనే ధైర్యం చాలామందికి ఉండదు.

ఆసుపత్రిలో 10 నిమిషాలు, ఇంట్లో 20 నిమిషాలు. ఇంకాసేపు ఉండమని వాళ్ళే పట్టుబడితే తప్ప అంతకు మించకండి. వార్డులో పక్క మంచాలవాళ్ళూ రోగులేనని గుర్తుంచుకోండి. మెల్లగా ప్రార్థిస్తే దేవుడికి వినపడకపోదు.

మంచం దగ్గర

లోపలికి వెళ్ళేముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి, బయటికి వచ్చాక మళ్ళీ కడుక్కోండి. కుర్చీ లాక్కుని రోగి కళ్ళ ఎత్తులో కూర్చోండి. ముగ్గురూ నిలబడి కిందికి చూస్తుంటే ఎవరికైనా విచారణలా ఉంటుంది. మంచం మీద కూర్చోవద్దు, ఆపరేషన్ అయినవారికి పరుపు కదిలినా నొప్పే.

ప్రార్థనకు ముందు ఒక ప్రశ్న అడగాలి: "దేని గురించి ప్రార్థించమంటారు?" బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉంది. అయినా నీకేం చేయమంటావని యేసు అడిగాడు. మీరు క్యాన్సరు తగ్గాలని ప్రార్థించడానికి సిద్ధపడి వస్తారు, ఆయనేమో "రాత్రి నిద్ర పట్టాలని", "పెద్దకొడుకు ఒక్కసారి ఫోను చేయాలని" అంటాడు. ఏది అడిగితే దానికే ప్రార్థించండి. మీ అంశాలు వేరే రోజుకు ఉంచుకోవచ్చు.

ఇక వినండి. మాటల మధ్య మౌనం వస్తే వచనంతో పూడ్చేయకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడగొట్టారు. అన్నీ మేలుకే జరుగుతాయనే వచనం (రోమా 8:28) సత్యమే, కానీ నొప్పి తెరలు తెరలుగా వస్తున్నప్పుడు అది దెబ్బలా తగులుతుంది. "దేవుడు పరీక్షిస్తున్నాడు", "ఏదో పాపం ఒప్పుకోకుండా మిగిలిపోయి ఉంటుంది", "ఫలానావారు ఇంతకంటే ఎక్కువ బాధపడ్డారు" అన్న మూడు మాటలు ఎప్పుడూ అనకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు వీడి తల్లిదండ్రులదీ కాదని యేసు చెప్పాడు (యోహాను 9:3). యాకోబు కూడా రోగి పాపం చేసినవాడైతే క్షమాపణ దొరుకుతుందన్నాడే గానీ, పాపం వల్లే జబ్బు వచ్చిందనలేదు.

తానే ఏదైనా ఒప్పుకోవాలనుకుంటే, మిగతా ఇద్దరూ, ఇంటివాళ్ళూ బయటికి వెళ్ళాలి. ఒక్కరే ఉండి వినాలి. విన్నది సంఘంలో ఎవరికీ, తమ భార్యకూ భర్తకూ కూడా చెప్పకూడదు. తనకు తాను హాని చేసుకుంటానన్నా, ఒక పిల్లకో పిల్లాడికో హాని జరుగుతోందని తెలిసినా ఆ రహస్యం దాచడానికి లేదు. ఆ సంగతి రోగికి ముందే చెప్పి, వెంటనే సాయం చేయగలవారికి తెలియజేయాలి.

నూనె రాయడం

సంఘాన్ని బట్టి పద్ధతి మారుతుంది. కథోలిక సంఘంలో వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఒక సంస్కారం. గురువుగానీ మేత్రాణులు (బిషప్పు) గానీ మాత్రమే ఇవ్వాలి, నుదుటి మీద, చేతుల మీద రాస్తారు. అది చావు అంచున ఉన్నవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. అయినా గురువుగారు నూనెతో వస్తే ఇక ఆశ వదులుకున్నట్టేనని భయపడే కుటుంబాలు ఉంటాయి కాబట్టి, ఆ మాట ముందే వివరించండి. ఆర్థడాక్సు సంఘాల్లో పూర్తి క్రమం ప్రకారం ఏడుగురు యాజకులు, ఏడు సువార్త పఠనాలు ఉంటాయి. ప్రొటెస్టెంటు, పెంతెకోస్తు సంఘాల్లో ఎక్కువగా పాస్టరో పెద్దలో రాస్తారు. మీ సంఘ క్రమం ఏదైతే దానికే కట్టుబడండి.

పెద్దలు రాసే సంఘాల్లో పని ఇంతే: ఆలివ్ నూనె, 5 మిల్లీలీటర్లు పట్టే ముదురురంగు గాజు సీసా, కొంచెం దూది. సుగంధ ద్రవ్యాలు కలిపినది వద్దు, దద్దురు రావచ్చు, వాసన గిట్టకపోవచ్చు. వెలుతురు తగిలిన నూనె కొన్ని నెలల్లోనే ముక్కిపోతుంది కాబట్టి పోయేముందు మూత తీసి వాసన చూడండి.

"నుదుటి మీద రాయమంటారా?" అని అడిగి, ఒప్పుకున్నాకే బొటనవేలికి ఒక్క చుక్క అద్ది రాయండి. నుదుటి మీద కుట్లో పుండో ఉంటే అరచేతి వెనుక రాయొచ్చు. సూది గుచ్చిన చోట, ప్లాస్టర్ల దగ్గర, రేడియేషన్ ఇస్తున్న చర్మం మీద నూనె తగలనివ్వకండి. అక్కడి చర్మానికి ఏం రాయాలన్నది వైద్యులే చెబుతారు, ప్లాస్టరు కింద జిడ్డు చేరితే ఊడిపోతుంది. మిగిలింది దూదితో తుడిచేయండి, కంట్లోకి కారితే ప్రార్థనంతా మంటలోనే గడుస్తుంది. ఆక్సిజన్ పెట్టి ఉంటే ముఖం దగ్గరికి నూనె తేవద్దు, చేతికే రాయండి. ఆ గదిలో కొవ్వొత్తి, అగరుబత్తి, అగ్గిపుల్ల ఏదీ వెలిగించకూడదు. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పు కూడా భగ్గుమంటుంది.

నూనె మందు కాదు. తాగించవద్దు, పుండు మీద పోయవద్దు, సీసాలో మిగిలింది రోజూ రాసుకోమని ఇచ్చి రావద్దు. అలా ఇచ్చి వస్తే మూడోరోజుకు ఇంటివాళ్ళు దేవుణ్ణి వదిలి సీసాను నమ్ముకుంటారు.

ఏమని ప్రార్థించాలి

రెండు మూడు నిమిషాలు చాలు. చేయి వేయాలంటే భుజం మీదో చేతి మీదో అడిగి, బరువు మోపకుండా. తల పట్టుకుని ఊపడం, నెట్టడం, కేకలు వేయడం వద్దు, మెడకీ రక్తపోటుకీ రెండింటికీ ప్రమాదమే.

స్వస్థత అడగడానికి జంకకండి. "నీ చిత్తమైతే" అని ప్రతి వాక్యం చివరా తగిలిస్తే అది వినయంలా కనిపిస్తుంది గానీ, చాలాసార్లు జవాబు రాకపోతే మనకు ఇబ్బంది కలగకుండా వేసుకున్న కంచె. సూటిగా అడగండి, ఆపై ఆయనకే వదిలేయండి. ఇలా ఉండొచ్చు:

"కనికరం గల తండ్రీ, నీ కుమార్తె ఈ నొప్పితో నీ ముందు ఉంది. ఆమెను బాగుచేయమని అడుగుతున్నాం. ఈ రాత్రి ఆమెకు నిద్ర దయచేయి. వైద్యుల చేతులకు, వాళ్ళిచ్చే మందులకు బలమివ్వు. ఆమె ప్రార్థించలేనప్పుడు ఆమె బదులు మేం ప్రార్థిస్తాం. నువ్వు ఆమె చేయి వదలవని నమ్ముతున్నాం. యేసు నామంలో, ఆమేన్."

ఇందులో "నాకు నమ్మకం ఉంది" అని రోగి చేత చెప్పించింది ఏమీ లేదని గమనించండి. జబ్బుకు తేదీ పెట్టే మాటలు, "మూడు రోజుల్లో లేస్తావని ప్రభువు నాతో చెప్పాడు" లాంటివి, అసలే వద్దు. నాలుగోరోజు ఆ ఇంట్లో ఏం మిగులుతుందో ఆలోచించండి.

ముగించాక "ఇప్పుడెలా ఉంది?" అని అడగొచ్చు, "ఏమీ మారలేదు" అన్న జవాబుకు చోటు ఉంచి మరీ అడగాలి. బేత్సయిదాలో గుడ్డివాడి మీద చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని యేసే అడిగాడు. మనుషులు నడుస్తున్న చెట్లలా కనిపిస్తున్నారని వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన మళ్ళీ చేతులుంచాడు (మార్కు 8:22–25). మీ ముందు మాత్రం రోగి అబద్ధమాడే పరిస్థితి ఎందుకు రావాలి?

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చే పక్షంలో ముందు నర్సునో ఇంటివాళ్ళనో అడగండి. పక్షవాతం వచ్చినవారికి పలచని ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదముంది. కొందరికి రొట్టె చిన్న తునక, కొందరికి పెదవి తడిపేంత చుక్క, కొందరికి అదీ వీలు కాదు. వీలు కాకపోతే వాక్యం చదివి ప్రార్థించి రావడమే.

మందుల సంగతి

ఎక్కువ హాని జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా.

మందు వేసుకోవడం విశ్వాసం తగ్గడం కాదు. జబ్బుపడిన హిజ్కియా రాజు ప్రార్థన విని 15 ఏళ్ళ ఆయుష్షు ఇస్తున్నానని దేవుడు చెప్పాక కూడా, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టించాడు (యెషయా 38:5, 21). తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు రాశాడు. ఆయన ప్రియ సహచరుడు లూకా వైద్యుడు.

ప్రార్థన తర్వాత రోగికి హాయిగా అనిపించి "ఇక మందులు ఆపేస్తా" అంటే ఏం జరుగుతుందో మీకు తెలిసి ఉండాలి. టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ మానేస్తే ఒకట్రెండు రోజుల్లోనే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగని మూర్ఛలు రావచ్చు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు హఠాత్తుగా మానేస్తే రక్తపోటు కుప్పకూలవచ్చు. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలల కోర్సు ఉంటుంది. రెండో నెలకే దగ్గు తగ్గి, బరువు పెరిగి, అంతా బాగుందనిపిస్తుంది. అప్పుడు ఆపేస్తే మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా తిరిగి వస్తాయి, ఇంట్లో పిల్లలకూ అంటుతాయి. మానసిక రోగాల మందులదీ అదే దారి, బాగున్నట్టు అనిపించడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు.

కాబట్టి బృందంలో అందరిదీ ఒకటే మాట ఉండాలి: "దేవుడు బాగుచేసి ఉంటే పరీక్షల్లో తెలుస్తుంది. డాక్టరుగారు చూసి తగ్గించేదాకా మాత్రలు వేసుకోండి." కుష్ఠరోగులు పదిమందిని యేసు యాజకుల దగ్గరికి వెళ్ళి చూపించుకోమన్నాడు (లూకా 17:14), ఆ రోజుల్లో నయమైందని తేల్చి చెప్పే పని యాజకులదే. ఇలా చెబితే ఎంతటి పట్టుదలగలవారైనా వింటారు.

ఉపవాసం రోగి చేత చేయించకండి. మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అది హాని. ఉపవాసం కావాలంటే మీరు ఉండండి.

ప్రార్థనలో ఎవరికైనా మూర్ఛ వస్తే దెయ్యం పట్టిందని గద్దించవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే అంబులెన్సును పిలవాలి. చనిపోవాలనుందని ఎవరైనా అంటే ప్రార్థించి వచ్చేయడానికి లేదు, ఒంటరిగా వదలకుండా అదేరోజు వైద్య సహాయం అందేలా చూడాలి.

డబ్బు, మెసేజీలు, సాక్ష్యం

ప్రార్థనకు వెళ్ళిన ఇంట్లో కానుక తీసుకోవద్దు, ఇస్తామన్నా. కుష్ఠరోగి నయమాను బాగయ్యాక ఎలీషా ప్రవక్త ఏమీ పుచ్చుకోలేదు. వెనక పరిగెత్తి తీసుకున్న ఆయన సేవకుడు గేహజీ సంగతి రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది. సంఘమే ఆ కుటుంబానికి సాయం చేస్తుంటే అది వేరే రోజు, వేరే చేతుల మీదుగా వెళ్ళాలి.

వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు రోగిని అడగండి. జబ్బు పేరు, ఆసుపత్రి, ఫోటో ఉండకూడదు. "మన సంఘంలోని ఒక సహోదరికి గురువారం ఉదయం ఆపరేషన్ ఉంది. 9 గంటలకు ఎక్కడున్నవారు అక్కడే 5 నిమిషాలు ప్రార్థించండి. దయచేసి ఎవరూ ఫోను చేయవద్దు" అంటే చాలు. దేవుడికి రిపోర్టులు పంపాల్సిన అవసరం లేదు.

బాగైనవారి చేత ఆ ఆదివారమే సాక్ష్యం చెప్పించాలని తొందరపడకండి. డాక్టరు పరీక్షలు చూసి నిర్ధారించాకే, అదీ వాళ్ళకు ఇష్టమైతేనే. వాళ్ళ మాటల్లోనే చెప్పనివ్వండి: ఆపరేషన్ జరిగి ఉంటే ఆపరేషన్ జరిగిందని, మందులు వాడుతుంటే వాడుతున్నామని. సగం తగ్గిందాన్ని పూర్తిగా తగ్గిందని వేదిక మీద చెప్పించి, మూడు నెలల తర్వాత జబ్బు తిరగబెడితే, వాళ్ళు సిగ్గుపడి సంఘానికే రావడం మానేస్తారు. ఆ మందిరంలో అదే జబ్బుతో బాగుకాకుండా కూర్చున్నవాళ్ళూ ఉంటారు. సాక్ష్యం అయిన వెంటనే, ఇంకా ఎదురుచూస్తున్నవారి కోసం ఒక ప్రార్థన చేయండి.

బాగుకానప్పుడు

సంఘం నిజంగా దేవుని కనికరాన్ని నమ్మిందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. మొదటి పదిరోజులు ఇల్లు నిండిపోతుంది, నెలన్నర దాటాక తలుపు తట్టేవారుండరు. అసలు అలసట మొదలయ్యేది అప్పుడే. అందుకే మొదటి వారంలోనే 12 వారాలకు ఒక పట్టిక వేయండి. వారానికి ఒక పరామర్శ, రెండు భోజనాలు, ఒక ఆసుపత్రి ప్రయాణం, ఒక రాత్రి రోగి దగ్గర ఇంటివాళ్ళ బదులు ఉండటం. అన్నీ చూసుకోవడానికి ఒకే ఒక మనిషిని పెట్టండి, కుటుంబానికి ఆ ఒక్క నంబరు ఇవ్వండి. "ఏదైనా కావాలంటే చెప్పండి" అన్నదాన్ని ఎవరూ వాడుకోరు. "మంగళవారం 10 గంటలకు నేను ఆసుపత్రికి తీసుకెళ్తాను" అంటే వాడుకుంటారు.

వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ కొత్తగా స్వస్థత ప్రార్థనే చేయనక్కర్లేదు. ఒకరోజు ఒక కీర్తన చదివి రండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అలాంటిది కూడా బైబిల్లో ఉందని తెలిస్తే కొందరికి ఊపిరి తీసుకున్నట్టుంటుంది. పౌలు తన శరీరంలోని ముల్లు (వదలని ఒక బాధ) తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. కృప చాలుతుందన్న జవాబు వచ్చింది. అదే పౌలు తన సహచరుడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చాడు. ఇంకో సహచరుడు ఎపఫ్రొదితు మాత్రం చావుదాకా వెళ్ళి బతికాడు. దేవుడు అతణ్ణి కనికరించాడని, దుఃఖం మీద దుఃఖం రాకుండా తననూ కనికరించాడని పౌలు రాశాడు. ఒకే అపొస్తలుడి చుట్టూ ఈ మూడూ జరిగాయి. ఎవరి విశ్వాసం తక్కువైందో ఆయన లెక్క తీయలేదు.

చివరి రోజుల్లో ప్రార్థన మారాలంటే ఆ మార్పు రోగి నోటి నుంచే రానివ్వండి. "ఇంకా బాగవ్వాలనే ప్రార్థించమంటారా, ఇంకేమైనా ఉందా?" అని ఒక్కసారి అడగండి. చాలామంది ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు, ఇంటివాళ్ళు బాధపడతారని పైకి అనరు. ఇంటివాళ్ళు ఇంకా ఒప్పుకోకపోతే వాళ్ళతో వాదించకండి. వాళ్ళ దగ్గర వాళ్ళ ప్రార్థన, రోగి దగ్గర రోగి ప్రార్థన చేయండి.

మరణం జరిగితే ముగ్గురిలో ఒక్కరైనా సమాధి అయ్యేదాకా ఆ కుటుంబంతోనే ఉండాలి. ఏ ప్రార్థనలో ఏ లోపం జరిగిందని ఎవరైనా తవ్వడం మొదలుపెడితే పెద్దలు అక్కడికక్కడే ఆపించాలి. 12 వారాల పట్టికలో మిగిలిన వారాలను కొట్టేయకండి. భోజనాలు, ఆసుపత్రి ప్రయాణాలు ఆగినా పరామర్శలు ఆగకూడదు, అవి ఇప్పుడు మిగిలినవాళ్ళ కోసం.